రీడింగు ఒకటే, బతుకులు వేరు

దిగువ కృష్ణా డెల్టాలో నీళ్ల గురించి మాటొస్తే ముందు వచ్చే ప్రశ్న ఉప్పు గురించే. నాగాయలంక, కోడూరు వైపు బోరు దించిన రైతును నీళ్లు పడ్డాయా అని అడగరు, ఏ నీళ్లు పడ్డాయని అడుగుతారు. బందరు చుట్టుపక్కల వరి వేసేవాళ్లు భూసార పరీక్ష కాగితం చేతికి రాగానే ఈసీ గడి వెతుక్కుంటారు. గుడివాడ, కైకలూరు ప్రాంతాల ఆక్వా ల్యాబుల దగ్గర చెరువు నీటి సీసాతో నిలబడ్డవాళ్లకు సెలైనిటీ, హార్డ్‌నెస్, పొటాషియం, విబ్రియో కౌంటు రోజువారీ మాటలే.

ఈసీ అంటే విద్యుత్ వాహకత. నీటిలో రెండు లోహపు పలకలు ముంచి, వాటి మధ్య కరెంటు ఎంత తేలిగ్గా నడుస్తుందో కొలవడమే ఆ పరీక్ష. స్వచ్ఛమైన నీటిలో కరెంటు దాదాపు నడవదు. ఉప్పు కరిగితే అది అయాన్లుగా విడిపోతుంది, ఆ అయాన్లే కరెంటును మోస్తాయి. కాబట్టి ఉప్పు పెరిగితే వాహకత పెరుగుతుంది. మట్టిని నీటితో తడిపి తీసిన సారంలో ఈసీ మీటరుకు 4 డెసీసైమన్లు దాటితే అది ఉప్పు నేల అని శాస్త్రజ్ఞులు గీత గీశారు.

ఈ మీటరుకు ఒక లోపం ఉంది. ఉప్పు ఎంతుందో చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. కరెంటును మోసింది సోడియమా, కాల్షియమా, పొటాషియమా దానికి తెలియదు. రెండు సీసాల్లో ఒకే రీడింగు వచ్చిందంటే రెండింట్లో ఒకే నీళ్లున్నాయని అర్థం కాదు. రొయ్యల చెరువుల్లో ఈ సంగతి బాగా తెలిసినవాళ్లున్నారు. సెలైనిటీ సరిపోయినా పొటాషియం తక్కువైన బోరు నీటిలో వెనామీ రొయ్య పిల్ల నిలవదు.

ఈ లోపాన్నే పనిముట్టుగా మార్చుకుని, ఒక్కో లోహం బాక్టీరియా కణాన్ని ఏం చేస్తుందో కరెంటుతో కనిపెట్టిన పని ఒకటి నూరేళ్ల కిందట జరిగింది. 1919లో కేంబ్రిడ్జి పాథాలజీ ప్రయోగశాలలో క్రెస్వెల్ షియరర్ ఆ పని చేశాడు. సముద్రపు అర్చిన్ల సంకరం మీద అంతకుముందు పరిశోధన చేసిన జంతుశాస్త్రజ్ఞుడాయన. బాక్టీరియా మీద ఆయన చేసిన పని ఒకటి జర్నల్ ఆఫ్ హైజీన్‌లోనూ, మరొకటి కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ ప్రొసీడింగ్స్ 19వ సంపుటిలోనూ అచ్చయ్యాయి. ఆ సంపుటంలోనే శ్రీనివాస రామానుజన్ సంఖ్యా విభజనల మీద రాసిన చిన్న వ్యాసమూ ఉంది. రామానుజన్ పేరు మనందరికీ తెలుసు. షియరర్ పేరు ఆయన రంగంలోనే చాలామందికి గుర్తులేదు. ఆ ప్రయోగంలోని పనితనాన్ని ఒక్కో మెట్టూ విప్పి చూస్తే ఆ మరపు అన్యాయమనిపిస్తుంది.

లోహాలంటే ఏవి?

లోహం అనగానే ఇనుము, రాగి, వెండి గుర్తొస్తాయి. రసాయనశాస్త్రంలో సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం కూడా లోహాలే. ప్రాణి ఒంట్లో అవి లోహపు ముక్కలుగా ఉండవు, ధనావేశం ఉన్న అయాన్లుగా ఉంటాయి. సోడియం, పొటాషియం అయాన్ల మీద ఒక్కో ఆవేశం, కాల్షియం, మెగ్నీషియం అయాన్ల మీద రెండేసి. షియరర్ తన వ్యాసం పేరులోనే ఈ తేడాను పెట్టాడు: ఒంటి ఆవేశపు లవణాలు, జంట ఆవేశపు లవణాలు బాక్టీరియా ద్రవపు వాహకత మీద చూపే ప్రభావం.

జీవానికి ఉప్పు ఎంత కావాలన్నది ఒక్కటే లెక్క కాదనీ, ఏ లోహాలు ఏ పాళ్లలో ఉన్నాయన్నది ముఖ్యమనీ 1880ల్లో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ చూపించాడు. కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచితే అది చాలాసేపు కొట్టుకుంటోందని ఆయన గమనించాడు. ఆ ఉప్పునీటిని స్వచ్ఛమైన నీటితో కాక లండన్ కుళాయి నీటితో కలిపారని తరవాత బయటపడింది. కుళాయి నీటిలో కాల్షియం ఉంది. స్వచ్ఛమైన నీటిలో ఉప్పు ఒక్కటే కలిపితే గుండె త్వరగా ఆగిపోయింది, కాస్త కాల్షియం చేర్చగానే మళ్లీ కొట్టుకుంది. సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలను తగిన పాళ్లలో కలిపిన ఆ నీటినే రింగర్ ద్రావణం అంటారు.

గుండె కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. బాక్టీరియా లోపల జరిగేది కనిపించదు. ఇ.కోలై కణం పొడవు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదువందలో వంతు. మైక్రోస్కోపులో చూసినా బతికున్నదీ చచ్చినదీ ఒకే తీరుగా కనిపించవచ్చు. గిన్నెలో వేసి పెంచితే మర్నాటికి బతికినవెన్నో లెక్క తేలుతుంది గానీ, చావుకు ముందు కణం ఏ దశలు దాటిందో తెలియదు. లోహం తాకిన నిమిషం నుంచీ కణాన్ని చంపకుండా, రంగు వేయకుండా కనిపెట్టుకుని ఉండే సాధనం కావాలి. కరెంటు ఆ పని చేయగలదు.

ఆస్టర్‌హౌట్ వేసిన దారి

ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. హార్వర్డ్‌లో పనిచేసిన ఆస్టర్‌హౌట్ లామినేరియా అనే సముద్రపు నాచు ఆకు నుంచి గుండ్రటి ముక్కలు కోసి, రూపాయి బిళ్లల్లా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఆ పేర్పు రెండు చివర్లా ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపాడు. బతికున్న కణం పైపొర కరెంటును అడ్డుకుంటుంది. ఆ పొర సడలి అయాన్లను లోపలికీ బయటికీ వదిలితే అడ్డు తగ్గుతుంది. కణం చస్తే అడ్డు దాదాపు పోతుంది. కాబట్టి ఈ అడ్డు, అంటే నిరోధం, ఎంతో చూస్తే కణం ఆరోగ్యం తెలుస్తుంది.

నాచు ముక్కలను సముద్రపు నీటిలో ఉంచితే నిరోధం నిలకడగా ఉంది. సోడియం క్లోరైడు ఒక్కటే ఉన్న నీటిలోకి మార్చగానే పడిపోవడం మొదలైంది. కాల్షియం క్లోరైడు ఒక్కటే ఉన్న నీటిలో ఆశ్చర్యంగా ముందు పెరిగి, కొంతసేపటికి పడిపోయింది. అంటే కాల్షియం ముందు తలుపులు బిగించింది, చివరకు అదీ చంపింది. రెండింటినీ సముద్రంలో ఉన్న పాళ్లకు దగ్గరగా కలిపితే నిరోధం చాలాసేపు పాత స్థాయిలోనే నిలిచింది. విడివిడిగా రెండూ విషాలే, తగిన పాళ్లలో కలిస్తే ఒకదాని చెరుపును మరొకటి ఆపుతుంది. సముద్రంలో దాదాపు 45 సోడియం అయాన్లకు ఒక కాల్షియం అయాను ఉంటుంది. అంత కొద్ది కాల్షియం అంత సోడియానికి కళ్లెం వేస్తోందన్నమాట.

ఆయన మరో అడుగు వేశాడు. సోడియం ద్రావణంలో దెబ్బతిన్న ముక్కను త్వరగా సముద్రపు నీటిలోకి తిరిగి మారిస్తే నిరోధం మళ్లీ పుంజుకుంది. ఆలస్యం చేస్తే కొంతవరకే కోలుకుంది. 1922లో వచ్చిన ఆయన పుస్తకం పేరులో గాయం, కోలుకోవడం, మరణం మూడూ ఉన్నాయి. కణం బతికుందా చచ్చిందా అనే రెండు ముక్కల ప్రశ్నను ఎంత దెబ్బతింది, ఎంతవరకు తిరిగి రాగలదు అనే కొలత స్థాయికి తెచ్చిన పని అది.

నాచు పెద్ద ఆకు కనుక ముక్కలు కోసి పేర్చవచ్చు. బాక్టీరియాను ఎలా పేర్చడం? షియరర్ పనితనం అక్కడ మొదలవుతుంది.

మీగడంత చిక్కగా ఎందుకు?

ఆయన బాక్టీరియాను పెంచి, తీసి, చిక్కటి ద్రవంగా చేసి కొలిచాడు. ఇ.కోలైతోపాటు మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్‌నూ వాడాడు. ద్రవం చిక్కగా ఉండాలన్న పట్టు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. కరెంటును పోనివ్వని గోళాలు ఒక ద్రవంలో తేలుతుంటే ఆ ద్రవం వాహకత ఎంత తగ్గుతుందో మాక్స్‌వెల్ 1873లోనే సూత్రం ఇచ్చాడు. ఘనపరిమాణంలో పదో వంతు కణాలైతే నిరోధం 17 శాతం మాత్రమే పెరుగుతుంది. సగం కణాలైతే రెండున్నర రెట్లు అవుతుంది. 60 శాతం కణాలైతే మూడు రెట్లు దాటుతుంది. పలచటి ద్రవంలో కణాలన్నీ చచ్చినా మీటరు కదిలేది కొద్దిగానే, ఆ కొద్ది కదలిక కొలతలోని చిన్నచిన్న పొరపాట్లలో కలిసిపోతుంది. చిక్కటి ద్రవంలో కణం గొంతు మీటరుకు గట్టిగా వినిపిస్తుంది.

ఒక్కో కణం పరిమాణం సుమారు ఒక ఘన మైక్రాను అనుకుంటే, 60 శాతం కణాలున్న ఒక్క మిల్లీలీటరులో 60 వేల కోట్ల బాక్టీరియా ఉంటాయి. ఒక్క కణం పైపొరను తాకి చూసే సాధనం లేని రోజుల్లో, అన్ని వేల కోట్ల పొరల మొత్తం సమాధానాన్ని ఒక అంకెగా రాబట్టడమే తెలివి.

కొలిచేది కొలతను చెడగొట్టకూడదు

చిలకలపూడిలో నగల మీద పూత వేసేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. తొట్టిలోని ద్రావణం గుండా ఒకే దిశలో కరెంటు పంపితే లోహపు అయాన్లు నగ వైపు ప్రయాణించి దాని మీద పేరుకుంటాయి. పూతకు కావలసింది అదే. కొలతకు మాత్రం అదే శత్రువు. బాక్టీరియా ద్రవంలో అలా ఒకే దిశలో కరెంటు పంపితే ఎలక్ట్రోడ్ల దగ్గర అయాన్లు పోగుపడతాయి, బుడగలు లేస్తాయి, ద్రావణమే మారిపోతుంది. మీటరు చూపేది కణం స్థితినో, మనం చేసిన చెరుపునో తెలియకుండా పోతుంది.

దీనికి విరుగుడు 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ కోల్‌రౌష్ కనిపెట్టాడు. సెకనుకు వందల నుంచి వేలసార్లు దిశ మార్చే ఏసీ కరెంటు వాడితే అయాన్లు అటూ ఇటూ ఊగుతాయే తప్ప ఒక వైపు పేరుకోవు. ప్లాటినం పలకల మీద సన్నటి నల్లటి ప్లాటినం పొడిని పూస్తే వాటి ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, ఎలక్ట్రోడ్ దగ్గర కలిగే అడ్డు తగ్గుతుంది. కొలతకు, తెలియని నిరోధాన్ని తెలిసినదానితో సరిపోల్చే వీట్‌స్టన్ బ్రిడ్జి పెట్టి, సున్నాను గుర్తించడానికి టెలిఫోన్ చెవి గొట్టం వాడారు. బ్రిడ్జి సమతూకంలో లేనంతసేపూ చెవిలో రొద వినిపిస్తుంది. తెలిసిన నిరోధాన్ని జరుపుతూ పోతే ఒక చోట రొద ఆగిపోతుంది. అక్కడి అంకె రాసుకోవాలి. చెవితో సున్నాను పట్టుకోవడం ఆ రోజుల్లో చేయి తిరిగిన పని.

మరో జాగ్రత్త ఉష్ణోగ్రత. ఒక్క డిగ్రీ పెరిగితే ఉప్పునీటి వాహకత దాదాపు 2 శాతం పెరుగుతుంది. బందరులో వేసవి ఉదయానికీ మధ్యాహ్నానికీ గది వేడి ఎంత మారుతుందో చూసినవాళ్లకు దీని అర్థం తెలుసు. ఆ రెండు వేళల మధ్య ఒకే సీసాను రెండుసార్లు కొలిస్తే, అందులో ఏ మార్పూ జరగకుండానే ఏదో జరిగినట్టు అంకె చూపిస్తుంది. అందుకే కొలిచే గాజు పాత్రను నిలకడైన ఉష్ణోగ్రతలో ఉన్న నీటి తొట్టిలో పెట్టడం ఇలాంటి పనిలో మొదటి నియమం.

గుడ్డి మీటరుకు చూపు

ఇప్పుడు ప్రయోగం గుండెకాయకు వచ్చాం. సోడియం ద్రావణంలో బాక్టీరియాను వేసి నిరోధం చూశామనుకుందాం. ఆ తరవాత కాల్షియం ద్రావణంలో వేసి చూశాం. అంకెలు వేరుగా వచ్చాయి. ఆ తేడా కణాలదా, ద్రావణాలదా? రెండు ద్రావణాల వాహకతే వేరైతే ఈ ప్రశ్నకు జవాబు లేదు.

ఆస్టర్‌హౌట్ చేసిన ఏర్పాటు ఇది: కణాలు వేయకముందే అన్ని ద్రావణాలనూ ఒకే వాహకతకు తెచ్చాడు. నీళ్లు కలుపుతూ, లవణం కలుపుతూ, మీటరుకు సోడియం నీళ్లూ కాల్షియం నీళ్లూ సముద్రపు నీళ్లూ ఒకటిగా కనిపించేదాకా సరిచేశాడు. ఏ ఉప్పో చెప్పలేని మీటరు లోపం ఇక్కడ వరమైంది. ద్రావణాల మధ్య తేడా మీటరుకు కనిపించదు కనుక, కణాలు వేశాక అంకెలో వచ్చే తేడా అంతా కణాలదే. షియరర్ ఈ దారినే పట్టి, సముద్రపు నీటి స్థానంలో రింగర్ ద్రావణాన్ని పెట్టుకున్నాడు.

ఫలితం నాచులో చూసినదానికి దగ్గరగానే వచ్చింది. రింగర్ ద్రావణంలో బతికున్న బాక్టీరియా కరెంటును గట్టిగా అడ్డుకుంది. సోడియం ఒక్కటే ఉన్న ద్రావణంలో ఆ అడ్డు తగ్గుతూ పోయింది. కాల్షియం ఒక్కటే ఉన్నప్పుడు ముందు పెరిగి తరవాత పడిపోయింది. చంపిన బాక్టీరియా ఆ అడ్డును కోల్పోయింది. సముద్రపు నాచుకూ, కప్ప గుండెకూ, ఒంటి కణపు బాక్టీరియాకూ లోహాల పాళ్ల విషయంలో ఒకే నియమం వర్తిస్తోందని తేలడం ఆ రోజుల్లో పెద్ద మాట.

ఆయన అక్కడితో ఆగలేదు. లోహ లవణాలు వాహకతను మార్చే తీరునూ, విద్యుత్ క్షేత్రంలో కణాలు ప్రయాణించే వేగాన్నీ ఒకే వ్యాసంలో పక్కపక్కన పరిశీలించాడు. మామూలుగా బాక్టీరియా పైన రుణావేశం ఉంటుంది కనుక అది ధన ధ్రువం వైపు నడుస్తుంది. లోహపు అయాన్లు ఆ ఆవేశానికి అంటుకుంటే నడక మందగిస్తుంది. మూడు ఆవేశాలున్న లాంథనం వంటివి బలంగా అంటుకుంటే దిశే తిరగబడుతుంది. నిరోధం పొర బిగువును చెబితే, నడక పొర పైనున్న ఆవేశాన్ని చెబుతుంది. ఒకే ప్రశ్నకు రెండు వేరు కొలతలతో జవాబు వెతకడం మంచి పనివాడి గుర్తు.

పనిలోని సందులు

మెచ్చుకుంటూనే గట్టిగా అడగాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి. నిరోధం పెరిగిందంటే పొర బిగుసుకుందనే అర్థమా? కణాలు ఉబ్బి ద్రవంలో ఎక్కువ చోటు ఆక్రమించినా నిరోధం పెరుగుతుంది. వాహకత సమానమైనా సోడియం, కాల్షియం ద్రావణాల్లో మొత్తం అయాన్ల సంఖ్య సమానం కాదు, కాబట్టి కణంలోకి వచ్చిపోయే నీరు కూడా కొంచెం తేడాగా ఉంటుంది. కాల్షియం బాక్టీరియాను గుంపులు కట్టిస్తుంది, ఆ గుంపుల వల్లా కరెంటు దారి మారుతుంది. ఒక్క అంకెలో ఇన్ని కారణాలు దాగి ఉండగలవు.

తరవాతి తరం ఈ ముడిని ఒక్కో పోగుగా విప్పింది. 1920ల్లో హ్యూగో ఫ్రిక్ ఏసీ కరెంటు దిశ మారే వేగాన్ని మార్చిమార్చి రక్తకణాలను కొలిచాడు. తక్కువ వేగంలో కరెంటు కణం చుట్టూ తిరిగి పోతుంది, చాలా ఎక్కువ వేగంలో పొరను దాటి లోపలి గుండా పోతుంది. ఆ తేడా నుంచి పొర మందం 3.3 నానోమీటర్లు అని 1925లో ఆయన అంచనా వేశాడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రాకముందే, కంటికి కనపడని పొర మందాన్ని కరెంటుతో సరైన స్థాయిలో పట్టుకున్నాడు.

1960ల్లో ఎడ్విన్ కార్‌స్టెన్సెన్ బృందం బాక్టీరియా వైపు తిరిగి, మరో కొత్త సంగతి కనుక్కుంది. రక్తకణానికి లేని గట్టి గోడ బాక్టీరియాకు ఉంది. ఆ గోడలో కదలకుండా అతుక్కుని ఉన్న రుణావేశాలున్నాయి. వాటిని సమం చేయడానికి లోహపు అయాన్లు గోడలో తిరుగుతుంటాయి. అందుకే గోడ తనంతట తానే కరెంటును మోస్తుంది. ఆ వెలుగులో షియరర్ అంకెలను చూస్తే, ఒంటి ఆవేశపు సోడియం గోడలో తేలిగ్గా కదులుతుందనీ, జంట ఆవేశపు కాల్షియం గోడకు అంటిపెట్టుకుంటుందనీ, కాల్షియంలో నిరోధం ముందు పెరగడంలో గోడకూ వాటా ఉందనీ అనుకోవడానికి ఆస్కారం ఉంది. ఆయన తప్పు చెప్పాడని దీని అర్థం కాదు. ఆయన కొలిచిన మార్పులో రెండు పొరలు కలిసి మాట్లాడాయి.

కాల్షియం, మెగ్నీషియం ఏం చేస్తున్నాయో రసాయన వివరం కూడా ఆ దశకంలోనే తేలింది. ఇ.కోలై బయటి పొరలోని కొవ్వు అణువుల మీద ఫాస్ఫేటు రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలో కాల్షియమో మెగ్నీషియమో కూర్చుని రెండింటినీ పట్టి ఉంచుతుంది. 1965లో లొరెట్టా లీవ్ ఈడీటీఏ అనే రసాయనంతో ఆ జంట ఆవేశపు లోహాలను లాగేస్తే బయటి పొర ముక్కలు ఊడిపోయి, మామూలుగా లోపలికి రాని మందు లోపలికి వెళ్తోందని చూపించింది. 1970లో మాండెల్, హిగా మరో వింత చూపారు. చల్లటి కాల్షియం క్లోరైడులో ఉంచి కొద్దిసేపు వేడి తగిలిస్తే ఇ.కోలై బయటి డీఎన్ఏను లోపలికి తీసుకుంటుంది. ఈ రోజు బయోటెక్నాలజీ చదివే పిల్లలు లాబ్‌లో చేసే మొదటి ప్రయోగాల్లో ఇదొకటి. కాల్షియం తలుపు బిగించడమే కాదు, సందర్భం మారితే తలుపు తీయిస్తుంది కూడా.

వెండి, రాగి దగ్గర కొత్త చిక్కు

ఇళ్లలో రాగి చెంబులో రాత్రి నీళ్లు పోసి ఉదయం తాగే అలవాటు మనకుంది. 2012లో బెంగళూరు పరిశోధకులు రాగి కుండలో 16 గంటలు ఉంచిన నీటిలో కలరా, విరేచనాలు తెచ్చే బాక్టీరియాలు బతకలేదని అచ్చువేశారు. వెండి ఇంకా తీవ్రమైనది. 2002లో డిబ్రోవ్ బృందం కలరా బాక్టీరియా విబ్రియో కలరే కణం పొర గుండా అతి కొద్ది వెండి అయాన్ల వల్ల ప్రోటాన్లు ధారగా కారిపోతున్నాయని చూపింది. కణం తన శక్తిని నిల్వ చేసుకునేది ఆ ప్రోటాన్ల తేడాతోనే.

వీటిని షియరర్ పద్ధతిలో వాహకతతో చూడబోతే ఒక ఉచ్చు ఎదురవుతుంది. వెండి అయాను క్లోరైడును చూస్తే వదలదు. రెండూ కలిసి కరగని తెల్లటి మడ్డిగా కింద చేరతాయి. అప్పుడు అయాన్లు తగ్గి వాహకత పడిపోతుంది. కణం తలుపు బిగించిందని మనం పొరబడవచ్చు. జరిగింది మాత్రం కణాన్ని చేరకముందే వెండి క్లోరైడు చేతిలో చిక్కుకోవడం. అందుకే వెండితో పనిచేసేవాళ్లు క్లోరైడు లేని నైట్రేటు లవణాలను ఎంచుకుంటారు, కణాలను క్లోరైడు లేని నీటితో ముందే కడుగుతారు, కణాలు లేని ఖాళీ ద్రావణాన్ని పక్కనే పెట్టి దాని రీడింగు కూడా రాస్తారు. మొత్తం వాహకత ఒక్కటే చూడకుండా, పొటాషియంను మాత్రమే గుర్తించే ఎలక్ట్రోడును ముంచుతారు. బతికున్న బాక్టీరియా లోపల పొటాషియం మెండుగా ఉంటుంది. అది బయటికి కారడం మొదలైందంటే పొర తెగిందన్న కబురే.

దివిసీమ అంచున, సముద్రపు ఉప్పు కలిసిన చెరువులో వెండి మందు చల్లుతానని ఎవరైనా వస్తే, ఈ క్లోరైడు సంగతి ముందు అడగాలి.

నేలలోనూ చెరువులోనూ అదే లెక్క

ఈ పని మన ప్రాంతానికి దూరపు చుట్టం కాదు. కృష్ణా నల్లరేగడిలో బంకమట్టి రేణువుల మీదా రుణావేశమే ఉంటుంది. వాటి చుట్టూ కాల్షియం ఉంటే రేణువులు గుంపు కడతాయి, నేల గుల్లగా ఉంటుంది, నీరు ఇంకుతుంది. సోడియం ఎక్కువైతే రేణువులు విడిపోతాయి, తడిస్తే అడుసై, ఎండితే బిగుసుకుపోతుంది. ఉప్పు చౌడులో ఈసీ ఎక్కువ, మంచినీళ్లు పెట్టి కడిగితే చాలావరకు దారికొస్తుంది. కారు చౌడులో ఈసీ తక్కువే కావచ్చు, అయినా పంట ఎదగదు. అక్కడ జిప్సం వేయాలి, అంటే కాల్షియం ఇచ్చి సోడియాన్ని తరిమేయాలి. ఈసీ ఒక్కటే చూసి కారు చౌడును మంచి నేల అనుకుంటే మోసపోతాం. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమలో సముద్రం ముంచిన పొలాలు తిరిగి పంటకు రావడానికి నీటి కడుగుడు ఎంత అవసరమో పాతతరం రైతులకు తెలుసు. బందరు వ్యవసాయ పరిశోధన స్థానం ఉప్పును తట్టుకునే వరి రకాల మీద పనిచేస్తున్నదీ ఈ నేల కోసమే.

చెరువులోకి వస్తే లోహాల లెక్క మరింత సూటిగా ఉంటుంది. సముద్రంలో బరువు ప్రకారం సోడియం పొటాషియం కన్నా సుమారు 27 రెట్లు. బోరు నీటిలో పొటాషియాన్ని బంకమట్టి పట్టేసుకుంటుంది కాబట్టి ఆ పాళ్లు చెడిపోతాయి. అందుకే తక్కువ ఉప్పు చెరువుల్లో రైతులు పొటాషియం, మెగ్నీషియం మినరల్స్ బస్తాలు వేస్తారు. నూట నలభై ఏళ్ల కిందట కప్ప గుండెకు కాల్షియం పోసిన రింగర్ చేసిందీ ఇలాంటి సవరణే.

అదే నీటిలో ఉన్న విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియాకూ లోహంతోనే పని. సోడియం లేని నీటిలో అది పెరగదు. దాని ధ్రువపు తోకను తిప్పే మోటారు నడిచేది సోడియం ప్రవాహంతోనే. ఆక్వా ల్యాబులో విబ్రియోలను పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద పచ్చ కాలనీలెన్ని, పసుపు కాలనీలెన్ని అని లెక్కపెట్టేది ఈ కుటుంబాన్నే. ప్లేటు మీద కాలనీ లేవడానికి ఒక రాత్రి పడుతుంది. పెరిగే బాక్టీరియా ఆహారాన్ని విడగొట్టి ద్రవం వాహకతను పెంచుతుందని 1899లోనే జి.ఎన్. స్టీవర్ట్ కొలిచి చూపాడు. ఆ సూత్రం మీద 1970ల నుంచి పరికరాలు తయారయ్యాయి. మిల్లీలీటరుకు పది లక్షల నుంచి కోటి కణాలు చేరేసరికి వాహకత గీత పైకి వంగుతుంది. ఒక లోహం కలిపిన సీసాలో ఆ వంపు ఎన్ని గంటలు ఆలస్యమైందో చూస్తే, ఆ లోహం బాక్టీరియాను ఎంత అణచిందో లెక్క వస్తుంది. షియరర్ కణం పొరను చూశాడు, ఈ పరికరాలు కణం సంతానాన్ని చూస్తాయి. రెండింటికీ కొలత ఒకటే.

షియరర్ వాడిన సామాను ఈ రోజు ఏ డిగ్రీ కాలేజీ ప్రయోగశాలకూ భారం కాదు. ఏసీ వాహకత మీటరు, సెంట్రిఫ్యూజ్, నీటి తొట్టి, నాలుగు లవణాలు, హాని చేయని బాక్టీరియా రకం ఉంటే చాలు. సామాను కన్నా అరుదైనది క్రమం: ముందు ద్రావణాలను సమం చేయడం, కణాలను చిక్కగా కూర్చడం, వేడిని కట్టడి చేయడం, ఖాళీ ద్రావణాన్నీ చచ్చిన కణాలనూ పక్కన పెట్టుకోవడం, ఆ తరవాతే అంకెను నమ్మడం. ఆ క్రమం ఉన్నప్పుడే ఒక్క అంకె నోట ఇంత సంగతి పలికింది. బందరులోనో గుడివాడలోనో ఎవరైనా ఈసీ రీడింగు చూసి నీళ్లు బాగున్నాయంటే, అడగాల్సిన రెండో ప్రశ్న షియరర్ ఎప్పుడో నేర్పాడు: అందులో సోడియానికి కాల్షియం ఎంత, పొటాషియం ఎంత?